ఆక్యుపేషనల్ థెరపీలో డాక్టరేట్

ఆక్యుపేషనల్ థెరపీ చదువులో విశ్వవిద్యాలయాలు ఇచ్చే పట్టాల్లో డాక్టరేట్ చివరి మెట్టు. ఈ పేరు కింద స్వభావంలో వేరైన రెండు చదువులున్నాయి. మొదటిది ఓటీడీగా వ్యవహరించే వృత్తి డాక్టరేట్. చికిత్స చేయడంలోనూ, ఆ సేవలను నడపడంలోనూ పైస్థాయి నైపుణ్యం దీని లక్ష్యం. రెండోది పీహెచ్‌డీ. పరిశోధన ద్వారా కొత్త జ్ఞానాన్ని రాబట్టడం దాని లక్ష్యం. ఓటీడీ అమెరికాలో పుట్టింది, ఇప్పటికీ ప్రధానంగా అక్కడే ఉంది. భారత్‌లో బీఓటీ అనే బ్యాచిలర్స్, ఎంఓటీ అనే మాస్టర్స్ తర్వాత డాక్టరేట్ అంటే పీహెచ్‌డీయే. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేయడానికి మాస్టర్స్ ఉన్నా చాలు, ఓటీడీ ఉన్నా చాలు. రాయాల్సిన పరీక్ష ఒకటే, వచ్చే లైసెన్సూ ఒకటే. ఈ పట్టా చుట్టూ పాతికేళ్లుగా నడుస్తున్న వాదాలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

నిర్వచనం, పరిధి

రోజువారీ పనులనే చికిత్సకు సాధనంగానూ గమ్యంగానూ తీసుకునే ఆరోగ్య వృత్తి ఆక్యుపేషనల్ థెరపీ. స్నానం, బట్టలు కట్టుకోవడం, తినడం, వండుకోవడం, బడి, ఉద్యోగం, ఆట, నిద్ర అన్నీ ఈ పనుల కిందికే వస్తాయి. పక్షవాతం, వెన్నుపాము గాయం, చేతి శస్త్రచికిత్స, ఆటిజం, స్కిజోఫ్రీనియా, మతిమరుపు, ముసలితనం – కారణం ఏదైనా, ఆగిపోయిన పని మళ్లీ సాగేలా చూడటం థెరపిస్టు బాధ్యత. అందుకు వ్యక్తి శక్తిని పెంచవచ్చు, పని చేసే తీరు మార్చవచ్చు, చుట్టూ ఉన్న పరిసరాలను మార్చవచ్చు. చాలా కేసుల్లో ఈ మూడింటినీ కలిపి వాడతారు. ఫిజియోథెరపీ ప్రధానంగా కదలిక, బలం, నడక మీద దృష్టి పెడుతుంది. ఆసుపత్రి వార్డులో ఈ రెండు వృత్తుల సరిహద్దు తరచూ చెరిగిపోతుంది.

డాక్టరేట్ స్థాయికి వచ్చేసరికి కొన్ని పెద్ద ప్రశ్నలు తోడవుతాయి. ఫలానా పద్ధతి పనిచేస్తుందనడానికి రుజువేమిటి? ఆ సేవను ఒక సంస్థలో నిలదొక్కుకునేలా ఎలా నెలకొల్పాలి? బీమా కంపెనీ గానీ ప్రభుత్వం గానీ దానికి డబ్బు ఎందుకివ్వాలి? పీహెచ్‌డీ ముఖ్యంగా మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఓటీడీ అన్నింటినీ తాకుతుంది కానీ, రుజువుల విషయంలో పీహెచ్‌డీ అంత లోతుకు వెళ్లదు.

చరిత్ర: వృత్తి పుట్టుక

1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో కొద్దిమంది సమావేశమై, ఆక్యుపేషనల్ థెరపీని ప్రోత్సహించే జాతీయ సంఘాన్ని స్థాపించారు. వాస్తుశిల్పి జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్, మనోవైద్యుడు విలియం రష్ డంటన్, సంఘసేవకురాలు ఎలినార్ క్లార్క్ స్లేగల్, చేతిపనుల ఉపాధ్యాయిని సూసన్ కాక్స్ జాన్సన్, మరో వాస్తుశిల్పి థామస్ కిడ్నర్, కార్యదర్శిగా ఇసబెల్ న్యూటన్ అందులో ఉన్నారు. ఈ సంఘమే తర్వాత అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపీ అసోసియేషన్‌గా మారింది. దాన్ని పొట్టిగా ఏఓటీఏ అంటారు. స్థాపకుల్లో డాక్టర్ ఒక్కరే అన్నది గమనించదగిన విషయం. వైద్యం అంచున పుట్టిన ఈ వృత్తికి చదువు ద్వారా హోదా సంపాదించుకోవాలన్న తపన మొదటి నుంచీ ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు సేవ చేసేందుకు అమెరికా సైన్యం పునర్నిర్మాణ సహాయకులుగా యువతులను నియమించింది. వారికోసం 1918 ప్రాంతంలో ఫిలడెల్ఫియా, బోస్టన్, సెయింట్ లూయిస్ నగరాల్లో శిక్షణ పాఠశాలలు వెలిశాయి. బోస్టన్ పాఠశాల తర్వాత టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ, సెయింట్ లూయిస్ పాఠశాల వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోనూ కలిశాయి. 1935లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఈ పాఠశాలలకు ప్రమాణాలు విధించింది. అంటే ఈ వృత్తి చదువు ఎలా ఉండాలో దశాబ్దాల పాటు వైద్యుల సంఘమే తేల్చింది. ఆ బాధ్యతను 1994లో ఏఓటీఏకు అనుబంధంగా ఏర్పడిన అక్రెడిటేషన్ మండలి, అంటే ఏకోట్, పూర్తిగా తన చేతుల్లోకి తీసుకుంది.

చరిత్ర: పరిశోధన డాక్టరేట్

సొంత డాక్టరేట్ లేని కాలంలో ఈ వృత్తిలోని తొలి పరిశోధకులు పక్క శాఖల్లో పట్టాలు తీసుకున్నారు. ఇంద్రియ సమన్వయ సిద్ధాంతాన్ని రూపొందించిన ఎ. జీన్ ఏర్స్ 1961లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యా మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ పొందారు. స్పర్శ, సమతూకం, కీళ్ల స్థితి గురించి మెదడుకు అందే సమాచారం సరిగా క్రోడీకృతం కాకపోతే పిల్లల నేర్పు, నడవడి దెబ్బతింటాయన్నది ఆమె ప్రతిపాదన. నేడు ఆటిజం పిల్లల కేంద్రాల్లో కనిపించే ఊయలలు, బంతులు, బరువు దుప్పట్ల వెనుక ఉన్నది ఈ ఆలోచనే. దాని ఫలితాలపై చర్చ మాత్రం ఇంకా తెగలేదు. ఈ చికిత్సకు రుజువులు పరిమితంగానే ఉన్నాయని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో హెచ్చరించింది. మనిషి ఇష్టం, అలవాటు, సామర్థ్యం, పరిసరాలను ఒకే చట్రంలో చూపిన మోడల్ ఆఫ్ హ్యూమన్ ఆక్యుపేషన్‌ను 1980లో ప్రచురించిన గ్యారీ కీల్‌హాఫ్‌నర్ డాక్టరేట్ ప్రజారోగ్యంలో ఉంది.

న్యూయార్క్ విశ్వవిద్యాలయం 1970ల్లో ఆక్యుపేషనల్ థెరపీలోనే డాక్టరేట్‌ను ప్రారంభించింది. 1989లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎలిజబెత్ యెర్క్సా చొరవతో ఆక్యుపేషనల్ సైన్స్ అనే కొత్త శాస్త్రంలో పీహెచ్‌డీ మొదలుపెట్టింది. చికిత్స సంగతి అలా ఉంచి, మనిషి రోజంతా చేసే పనులకూ ఆరోగ్యానికీ సంబంధం ఏమిటన్నదే దీని మూల ప్రశ్న.

ఈ పరంపరలో బాగా పేరొచ్చిన అధ్యయనం ఫ్లారెన్స్ క్లార్క్ బృందం లాస్ ఏంజెలెస్‌లో చేసినది. స్వతంత్రంగా జీవిస్తున్న, 60 ఏళ్లు, ఆపైబడిన 361 మందిని లాటరీ పద్ధతిలో మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు తొమ్మిది నెలల పాటు ఆక్యుపేషనల్ థెరపీ ఇచ్చారు. బస్సెక్కి వెళ్లడం, ఇంట్లో జాగ్రత్తలు, రోజును అర్థవంతంగా మలుచుకోవడం వంటివి అందులో ఉన్నాయి. రెండో జట్టు సాధారణ కాలక్షేప కార్యక్రమాల్లో పాల్గొంది. మూడో జట్టుకు ఏమీ లేదు. 1997లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం థెరపీ పొందినవారి ఆరోగ్యం, పనితీరు, జీవన నాణ్యత సూచికల్లో చాలా వరకు మెరుగ్గా తేలాయి. కాలక్షేపం చేసినవారికీ ఏమీ లేనివారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వృద్ధులను ఊరికే ఏదో ఒక పనిలో పెట్టడం వేరు, నిపుణుల పర్యవేక్షణలో పనిని చికిత్సగా వాడటం వేరు అని చెప్పడానికి ఈ వృత్తివారు ఇప్పటికీ ముందుగా చూపించేది ఈ అధ్యయనాన్నే.

చరిత్ర: ఓటీడీ, 2027 గడువు వివాదం

థెరపిస్టు కావాలనుకునేవారికి నేరుగా ప్రవేశం ఇచ్చే ఓటీడీని 1999లో నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలోని క్రైటన్ విశ్వవిద్యాలయం మొదటిసారి ప్రారంభించింది. అప్పటికి అమెరికాలో బ్యాచిలర్స్ పట్టాతోనే థెరపిస్టు కావచ్చు. 2007 నుంచి ప్రవేశ స్థాయిని మాస్టర్స్‌కు పెంచారు. ఇదే కాలంలో ఫార్మసీ, ఆడియాలజీ డాక్టరేట్ స్థాయికి వెళ్లాయి. ఫిజికల్ థెరపీలో, అంటే ఫిజియోథెరపీలో, 2016 నాటికి గుర్తింపు పొందిన కోర్సులన్నీ డాక్టరేట్‌గా మారాయి. ఒకే వార్డులో పక్కపక్కన పనిచేసే రెండు వృత్తుల్లో ఒకరి పేరు పక్కన డాక్టరేట్, మరొకరి పక్కన మాస్టర్స్ ఉండటం ఆక్యుపేషనల్ థెరపిస్టులకు కొరుకుడు పడలేదు.

2014లో ఏఓటీఏ పాలకవర్గం డాక్టరేట్‌నే ఏకైక ప్రవేశ పట్టాగా చేయాలని అభిప్రాయపడింది. మరుసటి ఏడాది ఏకోట్ రెండు పట్టాలూ కొనసాగాలంది. 2017 ఆగస్టుకు వచ్చేసరికి ఏకోటే మాట మార్చి, 2027 జులై 1 నాటికి ప్రవేశ స్థాయి కోర్సులన్నీ డాక్టరేట్‌గా మారాలని ఆదేశించింది. విశ్వవిద్యాలయాల నుంచి, థెరపిస్టుల నుంచి అభ్యంతరాలు వెల్లువెత్తడంతో 2018లో ఆ ఆదేశాన్ని పక్కన పెట్టారు. 2019 ఏప్రిల్‌లో ఏఓటీఏ ప్రతినిధుల సభ మాస్టర్స్, డాక్టరేట్ రెండూ ప్రవేశ పట్టాలేనని తీర్మానించింది. ఇప్పటికీ అమల్లో ఉన్నది ఆ ద్వంద్వ విధానమే.

మార్పు కోరినవారి వాదనలు ఇవి. చికిత్స రోజురోజుకూ సంక్లిష్టమవుతోంది, రుజువులను బేరీజు వేసే శిక్షణ రెండేళ్లలో ఇమడటం లేదు, పక్క వృత్తులతో సమాన స్థాయి లేకపోతే విధాన నిర్ణయాల్లో మాట చెల్లదు. వ్యతిరేకుల వాదనల్లో అప్పు భారం మొదటిది. చదువు కాలం పెరిగితే పేద, మైనారిటీ వర్గాల విద్యార్థులు వెనకడుగు వేస్తారన్నది రెండోది. డాక్టరేట్ ఉన్న అధ్యాపకులు, ఫీల్డ్‌వర్క్ స్థలాలు చాలినంత లేవన్నది మూడోది. ఓటీడీ చదివినవారి చేతిలో రోగులు ఎక్కువగా బాగుపడుతున్నారని చూపే గట్టి ఆధారం లేదన్నది అన్నింటికన్నా బలమైన అభ్యంతరం. అనుకూల పక్షం దీనికి సూటిగా జవాబు చెప్పలేకపోయింది.

పట్టాల రకాలు

ప్రవేశ స్థాయి ఓటీడీ: వేరే ఏదైనా సబ్జెక్టులో బ్యాచిలర్స్ చదివి, ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి. సాధారణంగా మూడేళ్లు. కొన్ని విశ్వవిద్యాలయాలు బ్యాచిలర్స్‌నూ ఓటీడీనీ కలిపి ఆరేళ్ల కోర్సుగా నడుపుతాయి. ఏకోట్ గుర్తింపు తప్పనిసరి.

పోస్ట్ ప్రొఫెషనల్ ఓటీడీ: ఇప్పటికే థెరపిస్టుగా అర్హత ఉన్నవారికి. ఉద్యోగం చేసుకుంటూ ఒకటిన్నర నుంచి మూడేళ్లలో పూర్తి చేసే వీలుంటుంది. చాలావరకు ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది. ఏకోట్ ప్రవేశ స్థాయి కోర్సులకే గుర్తింపు ఇస్తుంది కాబట్టి ఈ కోర్సు దాని పరిధిలోకి రాదు. దరఖాస్తుదారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ప్రకటనలో ఓటీడీ అని కనిపించినంత మాత్రాన ఆ పట్టా థెరపిస్టు లైసెన్సుకు దారి తీయదు.

పీహెచ్‌డీ: ఆక్యుపేషనల్ థెరపీ, ఆక్యుపేషనల్ సైన్స్, రిహాబిలిటేషన్ సైన్స్ వంటి పేర్లతో ఉంటుంది. నాలుగు నుంచి ఆరేళ్లు పడుతుంది. సొంత పరిశోధనతో సిద్ధాంత గ్రంథం రాసి, పండితుల ముందు సమర్థించుకోవాలి. విశ్వవిద్యాలయంలో పరిశోధక అధ్యాపకుడిగా స్థిరపడాలంటే ఈ పట్టానే అడుగుతారు. కొన్నిచోట్ల ఇదే స్థాయిలో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా ఉంది. బోధన వైపు వెళ్లేవారిలో కొందరు విద్యాశాస్త్రంలో ఈడీడీ చేస్తారు.

ప్రవేశం

ప్రవేశ స్థాయి ఓటీడీకి చాలా విశ్వవిద్యాలయాలు ఓటీకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు వేదిక ద్వారానే దరఖాస్తులు తీసుకుంటాయి. అనాటమీ, ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్, వికాస మనస్తత్వశాస్త్రం, అసాధారణ మనస్తత్వశాస్త్రం, సోషియాలజీ లేదా ఆంత్రోపాలజీ ముందుగానే చదివి ఉండాలి. థెరపిస్టు పక్కన ఉండి పనిని గమనించిన గంటలు, సిఫారసు లేఖలు, స్వయంగా రాసిన వ్యాసం కూడా అడుగుతారు. పీహెచ్‌డీ ప్రవేశంలో మార్కుల కన్నా, దరఖాస్తుదారు పరిశోధన ఆసక్తి ఫలానా ప్రొఫెసర్ పనికి దగ్గరగా ఉందా లేదా అన్నదే ఎక్కువగా తేలుస్తుంది. సీటు దొరికితే ఫీజు మినహాయింపు, అసిస్టెంట్‌షిప్ దొరికే అవకాశమూ అక్కడే ఎక్కువ.

పాఠ్యక్రమం, ఫీల్డ్‌వర్క్

మొదటి ఏడాది ప్రధానంగా శరీర నిర్మాణం, నాడీశాస్త్రం, కదలిక శాస్త్రం, వృత్తి సిద్ధాంతాలు. ఆ తర్వాత పిల్లలు, పెద్దలు, వృద్ధులు, మానసిక ఆరోగ్యం, చేతి చికిత్స వంటి విభాగాలు. స్ప్లింట్ల తయారీ, చక్రాల కుర్చీ ఎంపిక, సహాయక పరికరాలు, ఇంటి మార్పులు ప్రాక్టికల్‌గా నేర్పుతారు. మాస్టర్స్‌లోనూ ఇవన్నీ ఉంటాయి. పరిశోధన పద్ధతులు, విధాన రూపకల్పన, సేవా నిర్వహణ, నాయకత్వం వంటివాటిలో ఓటీడీ ఇంకొంత లోతుకు వెళుతుంది.

ఫీల్డ్‌వర్క్ రెండు స్థాయిల్లో ఉంటుంది. మొదటి స్థాయిలో క్లాసులతో పాటే పరిచయం. రెండో స్థాయిలో 24 వారాల పూర్తికాలపు పని. సాధారణంగా దాన్ని రెండు వేర్వేరు చోట్ల, పన్నెండేసి వారాలుగా చేస్తారు. మాస్టర్స్‌కూ ఓటీడీకీ ఈ 24 వారాల నిబంధన ఒకటే. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఏ దేశంలోనైనా కనీసం 1,000 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలని చెబుతుంది. ఆ సమాఖ్యను పొట్టిగా డబ్ల్యూఎఫ్ఓటీ అంటారు.

క్యాప్‌స్టోన్

మాస్టర్స్‌కూ ప్రవేశ స్థాయి ఓటీడీకీ స్పష్టంగా గీత గీసేది డాక్టోరల్ క్యాప్‌స్టోన్. క్లాసులు, రెండో స్థాయి ఫీల్డ్‌వర్క్ అయ్యాకే ఇది మొదలవ్వాలి. కనీసం 14 వారాలు, అంటే 560 గంటలు, చేయాలి. అందులో 20 శాతానికి మించి క్షేత్రం బయట చేయకూడదు. చికిత్సా నైపుణ్యం, పరిశోధన, నిర్వహణ, కార్యక్రమ రూపకల్పన, విధాన రూపకల్పన, హక్కుల ప్రచారం, బోధన, నాయకత్వం అనే రంగాల్లో ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ ఎంచుకోవాలి. విద్యార్థి ఎంచుకున్న రంగంలో నిపుణుడైన మెంటార్ ఉండాలి. అతను ఆక్యుపేషనల్ థెరపిస్టే కానవసరం లేదు. ప్రతి కోర్సుకూ ప్రత్యేకంగా ఒక క్యాప్‌స్టోన్ సమన్వయకర్త ఉండాలని ఏకోట్ 2018 ప్రమాణాలు నిర్దేశించాయి.

పని ఎలా సాగుతుందో ఒక నమూనా చూద్దాం. వృద్ధులు ఇంట్లో జారిపడకుండా చూసే కార్యక్రమాన్ని ఒక విద్యార్థిని తయారుచేస్తోందనుకుందాం. ముందు కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్ అనే ఇంటర్వ్యూ పద్ధతి వాడుతుంది. తనకు కష్టంగా ఉన్న పనులు ఏమిటో పెద్దావిడే చెబుతుంది. వాటిలో ముఖ్యమైనవి అయిదు వరకు ఎంచుకుని, ఎంత బాగా చేయగలుగుతోందో, ఎంత తృప్తిగా ఉందో ఒకటి నుంచి పది వరకు ఆమే మార్కులు వేస్తుంది. స్నానానికి పనితీరు 3, తృప్తి 2 అన్నదనుకోండి. విద్యార్థిని బాత్‌టబ్ అంచు ఎత్తు కొలుస్తుంది. పట్టుకునే కడ్డీ ఎక్కడ బిగించాలో గోడ మీద గుర్తు పెడుతుంది. తడి కాలితో జారిపోయే చాప తీసేయిస్తుంది. టబ్ బెంచీ మీద కూర్చుని కాళ్లు ఒక్కొక్కటిగా లోపలికి తిప్పడం నేర్పుతుంది. కొన్ని వారాల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతుంది. ఈ కొలమానంలో రెండు పాయింట్ల మార్పును సాధారణంగా అర్థవంతమైన మెరుగుదలగా లెక్కిస్తారు. ఇక్కడి వరకు మాస్టర్స్ చదివిన థెరపిస్టు కూడా చేయగలరు. చాలా ఇళ్లలో వచ్చిన ఈ అంకెలను కూడగట్టి, ఖర్చు లెక్క వేసి, తను వెళ్లిపోయాక కూడా ఆ సంస్థ నడుపుకోగలిగే కార్యక్రమంగా అప్పగించినప్పుడే అది క్యాప్‌స్టోన్ అవుతుంది.

పరీక్ష, లైసెన్సు

చదువు, ఫీల్డ్‌వర్క్ పూర్తయినవారు ఎన్‌బీకాట్ అనే జాతీయ ధ్రువీకరణ మండలి పరీక్ష రాస్తారు. 300 నుంచి 600 వరకు ఉండే మార్కుల కొలతలో 450 వస్తే ఉత్తీర్ణత. ఆ తర్వాత పనిచేసే రాష్ట్రం నుంచి లైసెన్సు తీసుకోవాలి. పరీక్షలో గానీ, లైసెన్సు ఇచ్చే అధికారాల్లో గానీ మాస్టర్స్, ఓటీడీల మధ్య తేడా లేదు. ఓటీడీ ఉన్నవారు పేరు ముందు డాక్టర్ అని వాడుకోవచ్చా అన్నది రాష్ట్రాన్ని బట్టి, ఆసుపత్రి నిబంధనలను బట్టి ఉంటుంది. వాడినచోట తాము వైద్యులు కాదని రోగికి స్పష్టం చేయాలన్నది సాధారణ నియమం.

ఖర్చు, ఆదాయం

అమెరికా కార్మిక గణాంకాల విభాగం లెక్క ప్రకారం 2023 మేలో ఆక్యుపేషనల్ థెరపిస్టు మధ్యస్థ వార్షిక వేతనం 96,370 డాలర్లు. ఈ లెక్క మాస్టర్స్‌నూ ఓటీడీనీ విడదీయదు. రోగికి అందించిన సేవకు బీమా చెల్లించే మొత్తం థెరపిస్టు పట్టాను బట్టి మారదు కాబట్టి, ప్రవేశ స్థాయిలో యజమానులకు ఎక్కువ జీతం ఇవ్వాల్సిన అవసరం పెద్దగా కనిపించదు. ఓటీడీకి అదనంగా పట్టే సెమిస్టర్ల ఫీజు, ఆ కాలంలో పోయే జీతం విద్యార్థే భరించాలి. బోధన, నిర్వహణ పదవుల్లో మాత్రం డాక్టరేట్ విలువ నేరుగా కనిపిస్తుంది. కోర్సు డైరెక్టర్‌కు డాక్టరేట్ ఉండి తీరాలని ఏకోట్ నియమం.

2025 జులైలో వచ్చిన అమెరికా కేంద్ర బడ్జెట్ చట్టం ఈ లెక్కను మరింత బిగించింది. పీజీ విద్యార్థులకు కోర్సు ఖర్చు మేరకు అప్పు ఇచ్చే గ్రాడ్ ప్లస్ పథకం 2026 జులై 1 నుంచి కొత్తవారికి ఉండదు. సాధారణ పీజీకి కేంద్ర రుణం ఏడాదికి 20,500 డాలర్లకూ, వృత్తి పట్టాగా గుర్తించినవాటికి 50,000 డాలర్లకూ పరిమితమైంది. వృత్తి పట్టాలు ఏవో తేల్చేందుకు విద్యాశాఖ 2025 చివర్లో ప్రతిపాదించిన జాబితాలో వైద్యం, దంతవైద్యం, న్యాయశాస్త్రం, ఫార్మసీ వంటివి ఉన్నాయి, ఆక్యుపేషనల్ థెరపీ లేదు. దీన్ని ఏఓటీఏ వ్యతిరేకించింది. పేరులో డాక్టరేట్ ఉన్నా అప్పు ఇచ్చేటప్పుడు ఆ హోదా దక్కకపోవడం ఈ పట్టా చరిత్రలో తాజా చిక్కు.

భారత్‌లో

భారత్‌లో ఈ చదువును తెచ్చినవారు కమలా నింబ్కర్. అమెరికాలో ఎలిజబెత్ లండీగా పుట్టి, భారతీయుణ్ణి పెళ్లాడి ఇక్కడే స్థిరపడిన ఆమె ఫిలడెల్ఫియాలో ఆక్యుపేషనల్ థెరపీ చదివి వచ్చి, 1950లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో పాఠశాల ప్రారంభించారు. ఆసియాలో ఇలాంటి పాఠశాల అదే మొదటిది. అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం 1952లో ఏర్పడింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టిన డబ్ల్యూఎఫ్ఓటీ పది వ్యవస్థాపక దేశాల్లో భారత్ ఒకటి.

బీఓటీ సంప్రదాయంగా ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు, ఎంఓటీ రెండేళ్లు. పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనలు వర్తిస్తాయి. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, కోర్సువర్క్ కనీసం 12 క్రెడిట్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి గరిష్ఠ గడువులో మరో రెండేళ్ల సడలింపు ఉంది. చాలా కాలం ఈ వృత్తికి దేశవ్యాప్త నియంత్రణ లేదు. మహారాష్ట్ర, ఢిల్లీ వంటి కొన్నిచోట్ల మాత్రం చట్టబద్ధ మండళ్లు ఉండేవి. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఆక్యుపేషనల్ థెరపీని తన పరిధిలోకి తెచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన లోపాలు చేరడంతో పిల్లల విభాగంలో గిరాకీ పెరిగింది. సికింద్రాబాద్‌లో 1984లో స్థాపితమైన మేధో వైకల్యాల జాతీయ సంస్థ మొదలు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని ప్రైవేటు కేంద్రాల దాకా తెలుగు తల్లిదండ్రులు ఈ వృత్తి పేరు మొదట వినేది పిల్లవాడికి మాటలు ఆలస్యమైనప్పుడో, బడిలో కుదురుగా కూర్చోలేకపోయినప్పుడో.

భారతీయ పీహెచ్‌డీలకు తగిన పరిశోధనాంశాలు కొలమానాల్లోనే ఎన్నో ఉన్నాయి. పాశ్చాత్య పరీక్షలు చెంచా, ఫోర్కు, కుర్చీ, కమోడ్ ఉన్న ఇంటిని ఊహించుకుంటాయి. పక్షవాతం వచ్చిన మనిషి పప్పన్నం తినడాన్నే తీసుకోండి. నాలుగు వేళ్ల కొనలతో అన్నాన్ని పప్పుతో కలపాలి, మరీ నలిగిపోకుండా ముద్ద కట్టాలి, మణికట్టు తిప్పి పైకెత్తాలి, బొటనవేలితో నోట్లోకి నెట్టాలి. వేడి ఎంతుందో వేలికి తెలియాలి. చెంచాతో తినగలిగినవాడు ఇది చేయలేకపోవచ్చు. చెంచా పట్టలేనివాడు ఇది చేయగలగవచ్చు. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుకూర్చోవడం, చీర కుచ్చెళ్లు పెట్టుకోవడం, బిందె చంకనెత్తుకోవడం ఇలాంటివే. వీటిని కొలిచే తెలుగు సాధనాన్ని తయారుచేయాలంటే ప్రశ్నలను అనువదిస్తే చాలదు. ఎవరు పరీక్షించినా, మళ్లీ ఎప్పుడు పరీక్షించినా ఒకే ఫలితం వస్తోందని, కొలవాల్సినదాన్నే కొలుస్తోందని నిరూపించాలి. ఆ నిరూపణే డాక్టరేట్ స్థాయి పని.

అమెరికా వెళ్లే భారతీయ థెరపిస్టులు

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారితో సహా బీఓటీ పూర్తిచేసిన భారతీయులు అమెరికాలో పరీక్ష రాయాలంటే, ముందు తమ చదువు అక్కడి ప్రవేశ స్థాయికి సరితూగుతుందని ఎన్‌బీకాట్ అర్హత పరిశీలనలో తేలాలి. అక్కడి ప్రవేశ స్థాయి బ్యాచిలర్స్ తర్వాతి చదువు కావడంతో, చాలామంది పోస్ట్ ప్రొఫెషనల్ మాస్టర్స్ లేదా ఓటీడీ వైపు మళ్లుతారు. ఏ పట్టాతో అర్హత వస్తుందో ఫీజు కట్టకముందే ఎన్‌బీకాట్ నిబంధనలతో సరిచూసుకోవడం మంచిది. పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే కోర్సుకు విద్యార్థి వీసా రాదు. ఉద్యోగ వీసా దశలో ఆరోగ్య వృత్తుల ధ్రువపత్రం కూడా కావాలి. అమెరికాలోనే చదివినవారికీ ఈ నియమం వర్తిస్తుంది. గ్రీన్‌కార్డు విషయంలో నర్సులు, ఫిజికల్ థెరపిస్టులు షెడ్యూల్ ఎ జాబితాలో ఉన్నందున లేబర్ సర్టిఫికేషన్ అనే సుదీర్ఘ దశ వారికి తప్పుతుంది. ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ జాబితాలో లేరు. ఒకే ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చినా, యజమాని ఆక్యుపేషనల్ థెరపిస్టు కోసం ముందుగా ఆ ఉద్యోగానికి స్థానికులు దొరకలేదని రుజువు చేయాలి.

ఇతర దేశాలు

కెనడాలో ప్రవేశ పట్టా మాస్టర్స్. బ్రిటన్, ఆస్ట్రేలియాలలో బ్యాచిలర్స్‌తోనూ, మాస్టర్స్‌తోనూ నమోదు కావచ్చు. ఈ మూడు దేశాల్లోనూ డాక్టరేట్ అంటే ప్రధానంగా పరిశోధనే. వృత్తిలో చాలా ఏళ్లు గడిపాక చేసే ప్రొఫెషనల్ డాక్టరేట్లు బ్రిటన్‌లో ఉన్నా, లైసెన్సుతో వాటికి సంబంధం లేదు. డబ్ల్యూఎఫ్ఓటీ కనీస ప్రమాణాలు కూడా ఏ దేశంలోనూ డాక్టరేట్‌ను ప్రవేశ అర్హతగా కోరవు.